ఇరుగుపొరుగు కోసం కూరగాయల తోట: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివారులోని మా కాలనీలో 242 గజాల ఖాళీ స్థలం ఒకటి ఏళ్ళ తరబడి పిచ్చిమొక్కలతో నిండి ఉండేది. తెలంగాణ లెక్కలో రెండు గుంటలు, ఆంధ్ర లెక్కలో అయిదు సెంట్లు. ఇప్పుడు అందులో కొందరం కలిసి కూరగాయలు పండిస్తున్నాం. పండింది అమ్మం. కూర కొనాలంటే రెండుసార్లు ఆలోచించుకోవలసి వచ్చే ఇళ్ళు మా చుట్టూ ఉన్నాయి, కోసినది ముందు ఆ ఇళ్ళకు వెళ్తుంది. తమ వీధిలోనూ ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవారు ఫోను చేసి, గేటు దగ్గర ఆగి అడిగే ప్రశ్నలకు మాకు అనుభవంలో తెలిసిన జవాబులు ఇవి.

ఆకలి తీర్చాలంటే అన్నం పెట్టాలి కదా, కూరగాయలు ఎందుకు?

మా చుట్టూ ఉన్న ఇళ్ళలో బియ్యానికి లోటు తక్కువ. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తుంది, 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. లోటంతా కూర దగ్గరే. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, మందుల ఖర్చు పోగా మిగిలిన డబ్బుతో సంతకు వెళ్ళిన ఇల్లాలు మొదట తగ్గించుకునేది కూరగాయలనే. ఆ వారం పచ్చిపులుసుతో, పచ్చడి మెతుకులతో గడిచిపోతుంది. 2023 జూలైలో కిలో టమాటా 150 రూపాయలు దాటినప్పుడు ఆ ధర గురించి అందరం మాట్లాడుకున్నాం. మా అపార్ట్‌మెంట్ కాపలాదారు ఇంట్లో మాత్రం ఆ నెలంతా టమాటా అన్న మాటే లేదు.

పండ్లు, కూరగాయలు కలిపి మనిషి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఒక కట్ట తోటకూరతో రక్తహీనత పోతుందని నేను చెప్పను. దానికి మందులు, మాంసకృత్తులు, విశ్రాంతి అన్నీ కావాలి. కానీ వారానికి మూడు రోజులైనా ఆకుకూర వండుకునే ఇంటికీ, నెలకు ఒకసారి కూడా వండుకోలేని ఇంటికీ తేడా ఉంటుంది.

డబ్బు పోగుచేసి రైతు బజారులో కొని ఇస్తే సులువు కదా?

సులువే. 1999 నుంచి నడుస్తున్న రైతు బజార్లు అందుకు మంచి చోటు కూడా. తోటలో పంట లేని వారాల్లో మేమూ అలాగే కొని ఇస్తాం. తోట వల్ల వచ్చే లాభం వేరు. ఉదయం ఆరు గంటలకు కోసిన గోంగూర ఎనిమిదింటికల్లా ఇంకొకరి వంటింట్లో ఉంటుంది. అంతకన్నా పెద్ద సంగతి, కూర తీసుకునేవారిలో చాలామంది తోటలోకి కూడా వస్తారు. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళ పనికి వెళ్ళే ఒకావిడ మొదట్లో గేటు బయటే నిలబడేది. ఒకరోజు మేము బీర పాదుకు కట్టిన పందిరి చూసి, "అట్ల కడితే గాలికి పడిపోతదమ్మా" అని తానే లోపలికి వచ్చి ముడులు విప్పి మళ్ళీ కట్టింది. అప్పటి నుంచి పందిళ్ళ పని ఆమెదే. కొని తెచ్చిన సంచిలో ఇది జరిగే వీలు లేదు.

స్థలం ఎలా దొరుకుతుంది?

మాది ఒక కాలనీవాసి సొంత స్థలం. ఆయన వేరే దేశంలో ఉంటారు. ఖాళీగా వదిలేస్తే చెత్త పోస్తున్నారని బాధపడేవారు, మేం అడగగానే సంతోషంగా ఒప్పుకున్నారు. అయినా నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఎంతకాలం వాడుకుంటాం, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, బోరు, కరెంటు ఖర్చు ఎవరిది అనే మూడు సంగతులు కాగితం మీద రాసుకుని ఇరువైపులా సంతకాలు పెట్టుకోవడం మంచిది. మొదట్లో మాకు ఇంకో చిన్న స్థలం కూడా ఉండేది. కాగితం లేకపోవడం వల్ల, వంకాయ కాపుకు వచ్చిన వారంలోనే దాన్ని ఖాళీ చేయవలసి వచ్చింది. మొక్కలను పీకుతున్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

లే అవుట్లలో పార్కు కోసం వదిలిన స్థలం స్థానిక సంస్థది. అందులో తవ్వే ముందు అనుమతి తప్పనిసరి. బడి ఆవరణ, గుడి వెనక ఖాళీ జాగా, అంగన్‌వాడీ పెరడు, పెద్ద ఇళ్ళ మేడలు, ఇవన్నీ పనికొస్తాయి. స్థలం చిన్నదని వెనకాడకండి. ఆకుకూరలకు పది గజాల మడి ఒక్కటి బాగా చూసుకున్నా నాలుగు ఇళ్ళకు చాలు.

మట్టి, నీళ్ళ గురించి ఏం చూసుకోవాలి?

నగర స్థలాల్లో మట్టి కింద ఏముందో తెలియదు. మా స్థలంలో పైన ఎర్ర మట్టి, జానెడు లోతు కింద ఇటుక ముక్కలు, గాజు పెంకులు, సిమెంటు గట్టిపడిన ముద్దలు. రెండు నెలలు ఏరడంతోనే సరిపోయింది. అలాంటి చోట నేల తవ్వడం కన్నా ఇటుకలతోనో, పాత చెక్కలతోనో అడుగున్నర ఎత్తు మడులు కట్టుకుని మంచి మట్టి నింపడం మేలు. మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరు పురుగు వచ్చి మొక్కను మొదట్లోనే తినేస్తాయి. మట్టి పరీక్ష ఒక్కసారైనా చేయించండి. పెద్ద రోడ్డు పక్కన, పాత బ్యాటరీల దుకాణాల దగ్గర, రంగుల పని జరిగిన చోట ఆకుకూరలు వేయకండి. సీసం వంటి లోహాలు ఆ మట్టిలో ఉండిపోతాయి, ఆకు మీది దుమ్ములోనూ ఉంటాయి.

మురుగునీరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మూసీ దిగువన మురుగునీటితో ఆకుకూరలు పెరగడం మనకు తెలిసిందే. అక్కడి రైతుకు వేరే నీళ్ళు లేవు. దానం చేయడానికి పండించే మనకు అటువంటి గత్యంతరం లేని స్థితి లేదు. మన పిల్లలకు పెట్టడానికి సంకోచించేది ఇంకొకరి పిల్లలకు ఇవ్వకూడదు. మాకు బోరు నీళ్ళే ఆధారం కాబట్టి డ్రిప్పు గొట్టాలు వేసి, మొక్కల మొదళ్ళలో ఎండుటాకులు పరుస్తాం. కాలనీలో ఊడ్చి తగలబెట్టే ఆకులన్నీ ఇప్పుడు మా మడుల్లోకే వస్తున్నాయి.

ఏ కూరగాయలు వేయాలి?

అందరూ ముందుగా అడిగేది ఇదే. మేం ఎక్కువ తప్పులు చేసినదీ ఇక్కడే.

మొదటి శీతాకాలంలో ముల్లంగి, బీట్‌రూట్, క్యాబేజీ వేశాం. చూడడానికి తోట కన్నుల పండువగా ఉండేది. ఫోటోల్లో కూడా బాగుండేది. తీసుకెళ్ళి ఇస్తే పుచ్చుకున్నారు, ఎవరూ కాదనలేదు. మూడో వారం, మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ నా చేతిలోని ముల్లంగిని మెల్లగా పక్కన పెట్టి ఇలా అన్నారు: "ఇది వండాలంటే నూనె కావాలి, చాలాసేపు పొయ్యి వెలగాలి. నాకున్నది ఒక్క చిన్న సిలిండరు. పప్పులో వేసుకునే ఆకు ఏదైనా ఉంటే ఇవ్వమ్మా, రెంటికీ ఒకే గిన్నె సరిపోతుంది."

ఆ రోజు నుంచి మేం ఏం వేయాలో నిర్ణయించేది మేం కాదు. విత్తనాలు కొనే ముందు ఇల్లిల్లూ తిరిగి అడుగుతాం. నాలుగు ప్రశ్నలు: ఏం వండుకుంటారు, ఏం కొనలేకపోతున్నారు, ఇంట్లో ఎందరు, పొయ్యి ఎలాంటిది. వచ్చిన జవాబులు మా అంచనాలకు దూరంగా ఉన్నాయి. అందరికన్నా ఎక్కువమంది అడిగింది పచ్చిమిరపకాయలు. తర్వాత కొత్తిమీర, కరివేపాకు. ఉత్త పప్పుకు, చారుకు రుచి తెచ్చేవి అవే. వాటిని కూరగాయల లెక్కలో కూడా వేసుకోని మాకు అది కొత్త పాఠం. ఆ తర్వాత తోటకూర, పాలకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి. కాయల్లో వంకాయ, బెండ, గోరుచిక్కుడు, టమాటా.

ఒడిశా నుంచి వచ్చి భవన నిర్మాణ పని చేసే కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటాయి. వాళ్ళకు బచ్చలి 'పోయి సాగ', మునగాకు 'సజనా సాగ'. అంతకుముందు మేం మునగ కొమ్మలు నరికి, కాయలు ఉంచుకుని, ఆకును ఎరువు గుంటలో వేసేవాళ్ళం. ఒకతను అది చూసి, "ఆకు పారేస్తున్నారా?" అని ఆశ్చర్యంగా అడిగాడు. మనకూ ఆషాఢంలో మునగాకు తినే అలవాటు ఉంది, మరిచిపోయాం. ఇప్పుడు మా తోటలో కాయ కన్నా ముందు ఆకే అయిపోతుంది.

తోటలో వేయకుండానే వచ్చేవి కూడా ఉన్నాయి. గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, తుమ్మికూర మడుల పక్కన వాటంతట అవే మొలుస్తాయి. జహీరాబాద్ ప్రాంతంలో పొలాల్లో విత్తకుండా మొలిచే ఇలాంటి ఆకులను పేద కుటుంబాల మహిళలు తరతరాలుగా ఏరుకుని వండుకుంటున్నారు. పాస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఆ జ్ఞానాన్ని కాపాడుతూ వచ్చాయి. కలుపు తీసేటప్పుడు పెద్దవాళ్ళను ఒకరిని పక్కన ఉంచుకోండి. మనం పీకి పారేసేదాంట్లో సగం కూరే అయి ఉంటుంది. అయితే గుర్తుపట్టడంలో ఏ కాస్త సందేహం ఉన్నా ఆ ఆకును ఎవరికీ ఇవ్వకండి.

ఎప్పుడు ఏం విత్తాలి, ఎన్నాళ్ళకు చేతికి వస్తుంది?

తోటకూర, మెంతికూర నాలుగు వారాల లోపే కోతకు వస్తాయి. పాలకూర నెలకు వచ్చి, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి కోయవచ్చు. గోంగూర చివర్లు తుంచుతూ ఉంటే నెలల తరబడి చిగురిస్తుంది. బెండ, గోరుచిక్కుడు నలభై అయిదు, యాభై రోజులు. వంకాయ, టమాటా, మిరప నారు పోసి నెల తర్వాత నాటుకోవాలి, నాటిన రెండు నెలలకు కాపు మొదలవుతుంది. పందిరి చిక్కుడుకు రోజు నిడివి తగ్గితే గానీ పూత రాదు. జూలైలో పెడితే కార్తిక మాసం దాటాక విరగకాస్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే ఆచారం పుట్టింది ఆ కాపు రోజుల్లోనే. మా పందిరి కింద నిలబడితే ఆ ఆచారం ఎందుకు వచ్చిందో చెప్పకుండానే తెలుస్తుంది.

ఒక్క సలహా గట్టిగా చెబుతాను. వానలు పడే జూన్ నుంచి ఆగస్టు వరకు బయట ఆకుకూరల ధరలు పెరుగుతాయి, కాబట్టి కూర తీసుకునే ఇళ్ళకు మన తోట ఎక్కువగా అవసరమయ్యేది అప్పుడే. డిసెంబరులో పాలకూర చవక, మన దగ్గర కూడా రాశులు పోస్తుంది. అందరూ పండించగలిగే రోజుల్లో పండించి మురిసిపోవడం కన్నా వానాకాలం మడి నిలబెట్టడం మీద శ్రమ పెట్టండి. మృగశిర కార్తె రాకముందే మడులు ఎత్తు చేసి, నీరు నిలవకుండా కాలువలు తీసి, పైన వానజల్లు తగ్గించే నెట్ కట్టుకుంటే తోటకూర కుళ్ళకుండా నిలుస్తుంది.

విత్తనాలు ఎలాంటివి కొనాలి?

తిరిగి విత్తనం కట్టుకోగలిగిన సూటి రకాలు చూడండి. బెండలో అర్కా అనామిక, గోరుచిక్కుడులో పూసా నవ్‌బహార్, టమాటాలో అర్కా వికాస్, మునగలో పీకేఎం-1 వంటివి. ప్రతి మడిలో మంచి మొక్కలు రెండు మూడు కోయకుండా విత్తనానికి వదిలేయండి. తోటకూర, గోంగూర, బెండ విత్తనం ఇంట్లో కట్టుకోవడం తేలిక. వేపాకు వేసి సీసాలో పెట్టుకుంటే మరుసటి ఏడాది దాకా ఉంటుంది.

పురుగు మందులు కొడతారా?

కొట్టం. ఆకుకూర కోసిన రెండు గంటల్లో పొయ్యి మీదికి వెళ్తుంది. మందు కొట్టి కొన్ని రోజులు ఆగి కోసే క్రమశిక్షణ పదిమంది కలిసి చేసే తోటలో కుదరదు, ఎవరో ఒకరు తెలియక కోసేస్తారు. వేపగింజల పొడి లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు నీరు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేస్తాం. పేనుబంకకు, తెల్లదోమకు ఇది చాలావరకు పనిచేస్తుంది. టమాటా వరసల పక్కన బంతి వేస్తాం, కాయతొలుచు పురుగు ముందు బంతి మీదికి పోతుంది. వంకాయకు మాత్రం ఓపిక కావాలి. కొమ్మ చివర వాలిపోయి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్లే. వారానికి రెండుసార్లు ఆ చివర్లు తుంచి దూరంగా పూడ్చేయడం తప్ప దగ్గరి దారి లేదు. బెండాకు ఈనెలు పసుపు రంగుకు తిరిగితే ఆ మొక్కను వెంటనే పీకేయాలి. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ తెగులు, మందు లేదు.

పుచ్చు వంకాయలు కొన్ని వస్తాయి. వాటిని ఇవ్వం. పుచ్చు భాగం కోసి మంచి భాగం ఇద్దామని ఒకరు అన్నారు. అటువంటివి మేం మా ఇళ్ళకు తీసుకెళ్తాం.

చేదు సొరకాయ గురించి హెచ్చరిస్తారెందుకు?

సొర, బీర, దోస జాతుల్లో ఒక్కోసారి కాయ విపరీతంగా చేదెక్కుతుంది. కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాలు పెరగడం వల్ల వచ్చే చేదు అది. అటువంటి సొరకాయ రసం తాగి వాంతులు, రక్తవిరేచనాలతో ఆసుపత్రుల పాలైనవారు మన దేశంలో ఉన్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. వండినా ఆ చేదు పోదు. అందుకే ప్రతి పాదు నుంచి మొదటి కాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకకు తగిలించి, ఉమ్మేసి చూస్తాం. చేదుగా ఉంటే ఆ పాదును మొదలంటా తీసేస్తాం. కాయ ఇచ్చేటప్పుడు కూడా "ముక్క రుచి చూసి వండండి, చేదుగా ఉంటే పారేయండి, మొహమాటపడకండి" అని చెబుతాం. ఈ చివరి మాట ముఖ్యం. ఊరికే వచ్చినదాన్ని పారేయడానికి మనసొప్పక తినేసేవాళ్ళు ఉంటారు. కాకరకాయకు ఉండే సహజమైన చేదు వేరు, దానికి ఈ భయం లేదు.

ఎవరికి ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు? కార్డు చూస్తారా?

ఏ కార్డూ చూడం. 'లబ్ధిదారులు' అనే మాట మా తోటలో వాడం, 'ఇరుగుపొరుగు' అంటాం. అపార్ట్‌మెంట్లలో మెట్ల కింద గదిలో ఉండే కాపలాదారుల కుటుంబాలు, ఇళ్ళ పనికి వచ్చేవారు, షెడ్లలోని కూలీలు, పింఛను మీద నెట్టుకొచ్చే వృద్ధులు, ఉన్నట్టుండి ఉద్యోగం పోయినవారు. చివరివారికి అందించడం అందరికన్నా కష్టం, ఎందుకంటే వాళ్ళు అడగరు. అందుకే గేటు దగ్గర ఒక బల్ల వేసి, కోసినవాటిలో కొంత అక్కడ పెడతాం. ఎవరైనా, ఎంతైనా, ఎవరికీ చెప్పకుండా తీసుకోవచ్చు. "ఉన్నవాళ్ళు కూడా తీసుకుపోతారేమో" అని ప్రతి కొత్త సభ్యుడూ అడుగుతాడు. తీసుకుపోతారు, అప్పుడప్పుడు. ఆ రెండు కట్టల కోసం పేదరికాన్ని నిరూపించుకోమని మనిషిని నిలబెట్టలేను.

ఇచ్చే పద్ధతి ఏమిటి?

శనివారం, బుధవారం పొద్దున్నే కోత. ఆకుకూరను మట్టి దులిపి, అరటినారతో కట్ట కట్టి, తడిగుడ్డ కప్పిన బుట్టలో పెడతాం. కడగం, కడిగితే త్వరగా కుళ్ళుతుంది. బెండకాయ లేతదై ఉండాలి. చివర విరిస్తే టక్కున విరగాలి, వంగితే ముదురు. ముదిరినది విత్తనానికి.

సంచులు ముందే నింపి చేతిలో పెట్టేవాళ్ళం మొదట్లో. ఇప్పుడు బుట్టలు వరసగా పెట్టి, వచ్చినవారినే ఎంచుకోమంటాం. ఒకసారి మూడు కిలోల సొరకాయ ఇస్తే, ఒక్కతే ఉండే ఆ పెద్దావిడ "ఇంత కాయ నాలుగు రోజులు తినాలి, నా దగ్గర ఫ్రిజ్ లేదు" అన్నారు. అప్పటి నుంచి కత్తిపీట కూడా బల్ల పక్కనే ఉంటుంది. కావలసినంత ముక్క కోసి ఇస్తాం, మిగతాది పక్కవారికి. రాలేనివారి ఇంటికి తీసుకెళ్తాం, గుమ్మం దగ్గర పేర్లు గట్టిగా పిలవకుండా.

ఫోటోలు తీసి పెడితే దాతలు పెరుగుతారు కదా?

మొక్కలవి, బుట్టలవి ఎన్నయినా తీయండి. తీసుకునేవారి ముఖాలు వద్దు, చేతులు కూడా వద్దు. మా కాలనీలో ఒక ఇంటి పదేళ్ళ అమ్మాయి, తన స్నేహితురాలు చూస్తుందని బల్ల దగ్గరికి రావడం మానేసింది. ఫోటో లేకుండానే అంత బిడియం ఉంటుంది. దాతలు తగ్గితే తగ్గనివ్వండి.

పని చేసే సభ్యులు కూరగాయలు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, అందరూ ఎంచుకున్నాక. ముందు మంచివి మనకు ఏరుకుని మిగిలినవి ఇవ్వడం మొదలైతే తోట స్వభావమే మారిపోతుంది. మిగులును ఇవ్వడం వేరు, వాళ్ళ కోసమే పండించడం వేరు. కొన్ని వారాలు మాకు ఏమీ మిగలదు. ఆ వారాలే తోట బాగా నడిచినట్లు లెక్క.

వ్యవసాయం తెలియదు, సమయమూ తక్కువ. మేం చేయగలమా?

వారానికి రెండు గంటలు చాలు, కానీ ఆ రెండు గంటలు తప్పకూడదు. ఆదివారం నాడు ఉత్సాహంగా ఇరవైమంది వచ్చి తర్వాత నెల కనిపించకపోవడం కన్నా, మంగళవారం నీళ్ళు పెట్టడానికి ఒక్కరు ఏడాది పొడవునా రావడం మేలు. నీళ్ళు, కలుపు, కోత, ఎరువు గుంట, పంపకం అని పనులు విడగొట్టి ఒక్కో పనికి ఇద్దరి పేర్లు రాసుకోండి. ఒకరు ఊరెళ్తే ఇంకొకరు ఉంటారు. నడుము వంగనివారు విత్తనాలు ఏరవచ్చు, కట్టలు కట్టవచ్చు. నేర్పేవారి కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. ఊళ్ళో సేద్యం వదిలి నగరానికి కూలికి వచ్చినవారు మన గేటు ముందు నుంచే రోజూ నడిచి వెళ్తుంటారు. వారిని గౌరవంగా అడగండి. నేర్పినందుకు రోజు కూలి ఇవ్వగలిగితే ఇవ్వండి, శ్రమదానం చేయగల తీరిక మనకున్నంత వాళ్ళకు ఉండదు.

ఖర్చు ఎంత అవుతుంది?

మొదటి ఏడాది మట్టి, ఎరువు, డ్రిప్పు, కంచె కలిపి ఎక్కువే. తర్వాత విత్తనాలు, ఎరువు, కరెంటు మాత్రమే. మేం నెలనెలా తలా కొంత వేసుకుంటాం, లెక్క గేటు పక్కన బోర్డు మీద రాస్తాం. ఎవరు ఎంత ఇచ్చారో రాయం, ఎంత వచ్చింది, దేనికి పోయింది, అంతే.

కోతులు, దొంగతనాలు?

కోతుల మీద గెలిచే మార్గం ఇంతవరకు దొరకలేదు. వాటికి అంతగా రుచించని గోంగూర, మిరప అంచుల్లో వేసి, టమాటాకు నెట్ కడుతున్నాం. రాత్రిపూట కోసుకెళ్ళేవారు ఉండేవారు. బల్ల పెట్టాక అది దాదాపు ఆగిపోయింది.

ఎండాకాలం తోట ఆగిపోతే?

మార్చి నుంచి బోరు తగ్గుతుంది. అప్పుడు మడుల్లో సగం మూసి జీలుగ, జనుము చల్లుతాం. పూతకు రాగానే మట్టిలో కలిపేస్తే పచ్చిరొట్ట ఎరువు అవుతుంది. మిగతా సగంలో పచ్చ నెట్ నీడన తోటకూర, బచ్చలి, గోంగూర. ఏప్రిల్, మే నెలల్లో ఎంత తక్కువ వస్తుందో ముందుగానే ఇంటింటికీ చెబుతాం. ఎదురుచూసి ఖాళీ చేతులతో వెళ్ళడం ఎవరికీ రాకూడదు.

మాకు తోట లేదు, పెరట్లో ఒక్క కరివేపాకు చెట్టు ఉంది. దాంతో ఏమైనా చేయగలమా?

చేయగలరు. మా బల్ల మీద మొదట ఖాళీ అయ్యే బుట్ట కరివేపాకుదే. మీ వీధిలో ఇంకెవరి ఇంట్లోనో మునగ ఉంటుంది, ఇంకొకరి ఇంట్లో నిమ్మ, బొప్పాయి, గోడ మీద దొండ తీగ. మా రెండో వీధిలో నలుగురు అలా కలిశారు. శనివారం ఉదయం ఏడింటికి ఒక ఇంటి అరుగు మీద ఎవరి బుట్ట వారు పెడతారు, తొమ్మిదింటికి తీసేస్తారు. మొదటి వారం ముగ్గురు వచ్చి నాలుగు రెబ్బలు తుంచుకెళ్ళారట. ఇప్పుడు ఆ అరుగు మీదికి ఎదురింటి కాపలాదారు భార్య కూడా తన డబ్బాలో పెంచిన కొత్తిమీర తెచ్చి పెడుతోంది.